స్పిల్ కిట్ తాళం తీయండి!

పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం సెజ్ కార్మిక సోదరులారా, అక్కచెల్లెళ్లారా!

ఈ మధ్య మన దగ్గరి ఒక యూనిట్లో సీ షిఫ్టులో జరిగింది మీలో చాలామందికి ఈపాటికే తెలిసి ఉంటుంది. లారీ నుంచి దింపుతుండగా నైట్రిక్ యాసిడ్ కార్బాయ్ పగిలింది. షిఫ్ట్ ఇన్‌చార్జి ఇద్దరు కాంట్రాక్టు కుర్రాళ్లను పిలిచి, రంపపు పొట్టు చల్లి ఎత్తేయమన్నాడు. పొట్టు పడగానే కమిలి ఇటుక రంగు పొగ లేచింది. కుర్రాళ్ల ముక్కులకు జేబు రుమాళ్లే అడ్డం. కాసేపట్లో నేల శుభ్రమైంది, లారీ వెళ్లిపోయింది, రిజిస్టరులో ఒక్క అక్షరం పడలేదు. ఇద్దరూ దగ్గుకుంటూ రూముకు పోయి పడుకున్నారు. సాయంత్రానికి ఒకడికి ఊపిరి ఆడలేదు. ఆ పొగ గుణమే అంత. పీల్చినప్పుడు గొంతు మండించి ఊరుకుంటుంది, గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుస్తుంది. ఒక రోజంతా డాక్టరు కళ్లెదుట ఉండాల్సిన మనుషుల్ని ఆటో ఎక్కించి పంపేశారు. ఆ కుర్రాడు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు.

అక్కడ స్పిల్ కిట్ లేదా అంటే, ఉంది. సేఫ్టీ ఆఫీసు పక్కన అద్దాల బీరువాలో, పసుపు డబ్బాలో, సీలు తీయకుండా ఉంది. యాసిడ్ పీల్చే ప్యాడ్లు, సోడా యాష్, రబ్బరు బూట్లు, మోచేతుల దాకా వచ్చే గ్లౌజులు అన్నీ ఉన్నాయి. బీరువాకు తాళం వేసి ఉంది. తాళంచెవి పగటి షిఫ్టు సేఫ్టీ ఆఫీసరు దగ్గరుంది. ఆయన ఆ వేళకు గాజువాకలో నిద్రపోతున్నాడు.

ఈ తాళం ఒక్క యూనిట్ సంగతి కాదు. మీ ప్లాంట్లో కిట్ ఎక్కడుందో గుర్తు చేసుకోండి. డ్రమ్ములు దింపే చోట ఉందా? రియాక్టరు ఛార్జింగ్ దగ్గర ఉందా? సాల్వెంట్ యార్డులో ఉందా? ఆడిట్ టీము నడిచే దారిలో ఉంటుంది. విదేశీ ఆడిటర్లు వచ్చినప్పుడు బీరువా తెరుచుకుంటుంది, వాళ్లు గేటు దాటగానే మూతపడుతుంది. సామాను పోతుందని తాళం వేశామంటారు. వాకిట్లో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌కు ఎవరైనా తాళం వేస్తారా? లాగితే తెగిపోయే ప్లాస్టిక్ ట్యాగు చాలు. తెగిందంటే ఎవరో వాడారని తెలుస్తుంది, వారానికోసారి లెక్క చూసుకోవచ్చు. దానికయ్యే ఖర్చు ఒక టీ డబ్బులంత కూడా ఉండదు.

చట్టాలు లేవా? భోపాల్ శవాల మీద పుట్టిన చట్టాలు మనకు ఉన్నాయి. 1984 డిసెంబరు తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ప్రమాదకర పరిశ్రమల కోసం ప్రత్యేక అధ్యాయమే చేర్చారు. ఏ రసాయనంతో పనిచేస్తున్నామో తెలుసుకునే హక్కు, ముప్పు కనబడితే హెచ్చరించే హక్కు కార్మికుడికి వచ్చాయి. 1989 నిబంధనలు పెద్ద మొత్తంలో ప్రమాదకర రసాయనాలు ఉంచే యూనిట్లలో ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ జరపాలన్నాయి. డ్రిల్లు జరుగుతోంది కూడా. పట్టపగలు, పర్మినెంటు ఉద్యోగులతో, ఫొటోల కోసం. రాత్రి షిఫ్టులో డ్రమ్ములు మోసే కాంట్రాక్టు మనిషి ఆ ఫొటోలో ఎప్పుడైనా కనిపించాడా?

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం గుర్తుందా? ఎల్జీ పాలిమర్స్‌లో సైరన్ మోగించడానికి 36 చోట్ల మీటలున్నాయని ప్రభుత్వ హైపవర్ కమిటీయే తేల్చింది. విషవాయువు లీకైన ఆ వేళ ఒక్కటీ నొక్కలేదు. 12 మంది పోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియాలో జరిగిందేమిటి? ఎంటీబీఈ అనే సాల్వెంట్ లీకై కింది అంతస్తుకు కారింది. దాని ఆవిరి అంటుకుని పేలింది. 17 మంది! యంత్రం పాడై, ఖర్మ కాలి పోయారని చెప్పకండి. సాల్వెంట్ ఆవిరి గాలి కంటే బరువు. నేలబారున పాకి, ఎక్కడో ఉన్న స్విచ్చు దగ్గర నిప్పు అందుకుంటుంది. ఎంటీబీఈకి మంచు చలిలో కూడా అంటుకునే గుణం ఉంది, మన విశాఖ ఎండల సంగతి చెప్పాలా? ఒలికిన మొదటి నిమిషంలో ఎవరేం చేస్తారన్నదే ప్రాణం. ఆ నిమిషంలో అక్కడ ఉండేది ఎండీ కాదు, సేఫ్టీ ఆఫీసరు కాదు, మనమే.

అందుకే ఇక బతిమాలేది లేదు.

నేర్పకుండా, తొడుగులు ఇవ్వకుండా కాంట్రాక్టు కార్మికుడి చేతికి చీపురిచ్చి యాసిడ్ మీదికి పంపడం నేరం. పని నేర్పడం కాదది, మనిషిని వాడి పారేయడం. పొట్టు, గుడ్డపేలికలు నైట్రిక్ యాసిడ్ మీద వేస్తే నిప్పంటుకోవచ్చని సేఫ్టీ డేటా షీటు చెబుతుంది. అందులో 16 భాగాలుంటే, ఆరోది ఒలికిపోయినప్పుడు ఏం చేయాలన్నదే. ఇంగ్లీషులో ఫైలులో ఉంటుంది. శ్రీకాకుళం వాడికి, ఒడిశా వాడికి, బిహారు వాడికి అది ఎవరు చదివి చెప్పారు? ఆ ఒక్క పేజీ తెలుగు, ఒడియా, హిందీల్లో డ్రమ్ముల పక్క గోడకు కొట్టండి. సల్ఫ్యూరిక్ యాసిడ్ మీద నీళ్లు గుమ్మరించకూడదని, సాల్వెంట్ ఒలికితే ముందు మురికి కాలువ నోరు మూయాలని, ఫోను తీయకూడదని, ఇటుక రంగు పొగ లేస్తే గాలి సిలిండరు తగిలించుకున్నవాడు తప్ప ఇంకెవరూ దగ్గరికి పోకూడదని అందులో ఉండాలి. ప్రతి షిఫ్టులో, రాత్రి షిఫ్టుతో సహా, శిక్షణ పొందినవాళ్లు ఉండాలి, వారిలో కాంట్రాక్టు కార్మికులూ ఉండాలి. ఐవాష్, షవరు పనిచేస్తున్నాయో లేదో తిప్పి చూడాలి. కంట్లో పడితే 15 నిమిషాలు ఆగకుండా నీళ్లు పోయాలి, తుప్పునీళ్లు కాదు. ఒలికిన ప్రతి చుక్కా రిజిస్టరు ఎక్కాలి.

ఇలా అడిగితే కంపెనీలు తరలిపోతాయని బెదిరిస్తారు. ప్యాడ్లకూ, సోడా యాష్‌కూ భయపడి పారిపోయిన కంపెనీ ఒక్కటి చూపించండి.

ఈ రోజు షిఫ్టుకు వెళ్లగానే కిట్ ఎక్కడుందో చూడండి. తాళం ఉంటే షిఫ్ట్ ఇన్‌చార్జికి రాసివ్వండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకూ ఒకటి పంపండి. ఒక్కరే రాస్తే గేటు పాసు లాక్కుంటారు, షిఫ్టంతా సంతకాలు పెట్టండి. ఆ తాళం తీసేదాకా, ఒలికినదాన్ని తుడవడానికి మనలో ఎవరూ వెళ్లవద్దు. సైరన్ నొక్కండి, గాలికి ఎదురుగా బయటికి రండి, పక్కవాణ్ణి వెంట తెచ్చుకోండి.