మగాడికైతే మేధావి మతిమరుపు, ఆడదానికైతే అశ్రద్ధ

మన సైబరాబాద్ లో ఒక చిత్రమైన న్యాయం ఉంది. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని టీమంతటి చేతా వెతికించే ఆర్కిటెక్టు గారిని చూసి "జీనియస్ కదండీ, అలాగే ఉంటారు" అని మురిసిపోతారు. అదే పని ఓ అమ్మాయి చేస్తే "బొత్తిగా శ్రద్ధ లేదు, రేపు సంసారం ఏం చేస్తుందో" అంటారు. ఆ రెండో మాట నేను ఇంట్లోనూ విన్నాను, ఆఫీసులోనూ విన్నాను. డాక్టరుగారు దానికి వేరే పేరు చెప్పారు.. ఏడీహెచ్‌డీ.

మీలో కొందరు ఏమనబోతున్నారో తెలుసు. "రీల్స్ చూసి ఈమధ్య అందరూ అదే అంటున్నారు" అని. అంటున్నారు, ఒప్పుకుంటా. కానీ డాక్టరు రీలు చూసి రాయరు కదా! 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5 ప్రకారం పెద్దవాళ్ళకి అశ్రద్ధ లక్షణాల్లోనో నిలకడలేని లక్షణాల్లోనో కనీసం 5 ఉండాలి, ఆర్నెల్లపాటు ఉండాలి, కొన్ని 12 ఏళ్ళ లోపే కనబడి ఉండాలి, రెండు చోట్లయినా ఇబ్బంది పెడుతుండాలి. నిన్న స్టాండప్ మీటింగులో బోర్ కొట్టినవాళ్ళు ఇందులో పాసవరు లెండి.

మరి చిన్నప్పుడే ఎందుకు తెలీలేదంటారా? బెంచీ మీద నిలవని పిల్లాడు టీచరుకి కనిపిస్తాడు. కిటికీలోంచి చూస్తూ కూర్చునే పిల్ల ఎవరికి అడ్డం? పైగా బుద్ధిమంతురాలని పేరు. చిన్నతనంలో ఈ సమస్యని మగపిల్లల్లోనే ఎక్కువ గుర్తిస్తారు, పెద్దయ్యాక ఆ తేడా బాగా తగ్గిపోతుంది. మధ్యలో ఇన్నేళ్ళూ లెక్కకి రానివాళ్ళం మేమే.

దానికితోడు మన ఇంటర్ చదువులు. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పొద్దున్నే బెల్లు, స్టడీ అవర్, వారం వారం పరీక్ష, వెనకాల వార్డెను. మనసు ఎటుపోయినా ఎవరో ఒకరు లాక్కొచ్చి కూర్చోబెడతారు. ర్యాంకొస్తుంది. "ర్యాంకొచ్చిన పిల్లకి అటెన్షన్ లేకపోవడమేంటి" అనే గొప్ప వాదన అక్కడే పుట్టింది. ఆ బెల్లు మైండ్‌స్పేస్ లో మోగదు కదండీ. ఇక్కడున్నవి ఓపెన్ ఆఫీసు, చాట్ లో టింగుటింగులు, ఎక్కడో మూడు వారాల తర్వాత డెడ్‌లైను. (నచ్చిన బగ్ దొరికితే మాత్రం రాత్రి రెండింటిదాకా కదలం. దాన్నే చూపించి "కావాలంటే చేయగలదుగా" అంటారు!)

అసలు గొడవంతా ఇంట్లో. గ్యాస్ ఎప్పుడు బుక్ చేశాం, మావయ్యగారి బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయి, పనమ్మాయి ఎన్నిరోజులు మానేసింది, ఎవరి గృహప్రవేశానికి ఎంత చదివించాం.. ఇంటి మెమరీ మొత్తం కోడలి బుర్రలోనే ఉండాలి. ఏడీహెచ్‌డీ దెబ్బకొట్టేది సరిగ్గా అక్కడే, చేయాల్సిన పని చేయాల్సిన టైముకి గుర్తు రావడం దగ్గర. ఇదే సమస్య ఉన్న మగాడికి "ఏవండీ, తాళాలు పెట్టుకున్నారా" అంటూ రోజూ ఉదయం 9కి నడిచే క్రాన్ జాబ్ ఒకటి ఇంట్లోనే ఉంటుంది. ఆవిడకి క్రాన్ జాబ్ ఎవరు?

ఇక కంపెనీలు. అక్టోబరు 10న మానసిక ఆరోగ్య దినం పేరిట వెబినారు, చేతిలో ఓ స్ట్రెస్ బాలు. అప్రైజల్లో మాత్రం "ఇంకా ఆర్గనైజ్డ్ గా ఉండాలి". 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాలున్నాయి. ఆటిజం ఉంది, డిస్లెక్సియా లాంటివి ఉన్నాయి, ఏడీహెచ్‌డీ పేరు లేదు. హెచ్ఆర్ వాళ్ళకి చట్టంలో ఆ ఒక్కముక్క కంఠతా వచ్చు. డాక్టర్లు రాసే మిథైల్‌ఫెనిడేటేమో ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలో ఉన్న మందు, చీటీ చూపించి తెచ్చుకున్నా మత్తుమందు కొన్నట్టు చూస్తారు.

మేనేజర్లూ, జాలి అక్కర్లేదు. నోటితో చెప్పిన పనిని రెండు లైన్ల మెయిల్లో పెట్టండి. పెద్ద పనిని ముక్కలు చేసి ముక్కకో తేదీ వేయండి. మధ్యాహ్నం ఓ రెండు గంటలు చాట్ ఆపుకోనివ్వండి. దీనికి బడ్జెట్ అప్రూవల్ కూడా అక్కర్లేదు. భర్తలూ.. గ్యాస్ బుకింగ్ నంబరు మీ ఫోన్లోంచి కూడా కలుస్తుంది.