చెయ్యి డాక్టరుగారిదే!

పిల్లలూ!

ఈ నెల మనం మాట్లాడుకోబోయే విషయం నేను ఎంచుకున్నది కాదు. మీలో ఒకరు పంపినది. నాచారంలో ఏడో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి నాకిలా ఉత్తరం వ్రాసింది:

"సార్! మా బాపుకు మూత్రపిండంలో గడ్డ ఉన్నదట. రోబోటుతో ఆపరేషను చేసి తీస్తామని డాక్టరుగారు చెప్పారు. సినిమాలో రోబోటుకు పిచ్చెత్తి అందరినీ కొట్టింది. మధ్యలో కరెంటు పోతే బాపు ఏమవుతాడు? రోబోటుకు జాలి ఉంటుందా? తొందరగా జవాబు ఇవ్వండి."

పత్రిక అచ్చయి వచ్చేదాకా ఆగమని ఆ పిల్లకు చెప్పడం న్యాయమా? నేనుండేది ఉప్పల్‌లో. నాచారం ఎంతో దూరం కాదు. మరునాడు సాయంత్రమే ఒక చెప్పుల పెట్టె, ఒక పొడుగాటి పుల్ల, నాలుగు వేరుశనగ కాయలు సంచిలో వేసుకుని వాళ్ళింటికి బయలుదేరాను. అవన్నీ ఎందుకంటారా? చెబుతాను.

ఆ అమ్మాయి తండ్రి నాచారం పారిశ్రామికవాడలో లేతు మిషను మీద పనిచేస్తాడు. పిల్లకంటె ఆయనే ఎక్కువ భయపడుతున్నట్టు కనిపించాడు.

"మిషన్ సంగతి నాకెరికే సార్. ఇరవై ఏండ్ల సంది దాని మీదనే ఉన్న. ఇనుము తగిలినా, వేలు తగిలినా దానికి ఒక్కటే. ఆగదు," అన్నాడు.

ఆ మాట నిజమే. అందుకే అసలు ప్రశ్న దగ్గరనుంచే మొదలుపెట్టాను. ఈ ఆపరేషను చేసేది ఎవరు?

"రోబోటు" అనే మాట పుట్టి నూరేళ్ళు దాటింది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ఒక నాటకం వ్రాసి, అందులోని మనిషిలాంటి పనివాళ్ళకు ఆ పేరు పెట్టాడు. వాళ్ళ భాషలో "రోబొటా" అంటే వెట్టిచాకిరి. వెట్టి అంటే ఏమిటో తెలంగాణా పల్లెల్లో పెద్దవాళ్ళను అడగండి, చెబుతారు. ఆ నాటకంలో రోబోటులు చివరకు మనుషుల మీద తిరగబడతాయి. సినిమాలవాళ్ళు ఆ కథను ఈనాటికీ వదలలేదు.

కాని ఆపరేషను గదిలోని యంత్రం ఆ జాతిది కాదు. అది తనంతట తాను ఎక్కడ కోయాలో నిర్ణయించదు. డాక్టరుగారు చెయ్యి కదిపితే కదులుతుంది, ఆపితే ఆగుతుంది. పేరుకు రోబోటే గాని, నిజానికది డాక్టరుగారి చేతికి తొడిగిన మరొక చెయ్యి.

"అయితే డాక్టరుగారే తన చేత్తో చెయ్యొచ్చు కదా?" అంది ఆ అమ్మాయి. మంచి ప్రశ్న!

దీనికి జవాబుగా మా నాన్నగారి సంగతి చెప్పాను. 1979లో ఆయనకు పిత్తాశయంలో రాళ్ళు చేరి ఆపరేషను చేశారు. తీసిన రాళ్ళలో పెద్దది రేగ్గింజంత ఉంది. కడుపు మీద కోత మాత్రం జానెడు! ఎందుకు? లోపలి జబ్బు చిన్నదే అయినా, డాక్టరుగారి చేతులు పట్టేటంత దారి కావాలి గదా! ఆ కోత మానడానికి ఆరు వారాలు పట్టింది. మా నాన్నగారు రోజుకూలి మీద బ్రతికే మనిషి. ఆరు వారాలూ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో మా అమ్మకే తెలుసు. చూశారా? రోగిని ఎక్కువ బాధపెట్టింది రేగ్గింజంత రాయి కాదు, జానెడు కోత.

మరి చేతులు లోపలికి పోకుండా పని జరిగే ఉపాయం ఏదైనా ఉందా అని డాక్టర్లు ఆలోచించారు. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె అనే డాక్టరు పెద్ద కోత లేకుండా, చిన్న రంధ్రాలగుండా గొట్టాలు దూర్చి పిత్తాశయాన్ని తీశాడు. తరువాత ఈ పద్ధతి లోకమంతటా పాకింది. కడుపులోకి కార్బన్ డయాక్సైడు వాయువు పంపి బెలూనులాగా కొంచెం ఉబ్బిస్తారు. అప్పుడు లోపల చోటు ఏర్పడుతుంది. ఆ వాయువే ఎందుకు? అది మండదు, రక్తంలో సులువుగా కరిగి, ఊపిరితో బయటికి పోతుంది. ఒక రంధ్రంగుండా దీపం, కెమేరా వెళతాయి. మిగతా రంధ్రాలగుండా పొడుగాటి పనిముట్లు వెళతాయి. డాక్టరుగారు తెరమీద బొమ్మ చూస్తూ పనిచేస్తారు. దీన్ని లాప్రోస్కోపు ఆపరేషను అంటారు.

బాగానే ఉంది కాని ఇందులో ఒక చిక్కుంది. ఇక్కడ మన చెప్పుల పెట్టె సంచిలోనుంచి బయటికి వచ్చింది.

మీరూ చేసి చూడండి. పెట్టె మూత మధ్య పుల్ల దూరేటంత చిల్లు చేయండి. లోపల ఏం జరుగుతోందో కనిపించేటందుకు పెట్టెకు ఒక ప్రక్క కోసివేయండి. లోపల ఒక వేరుశనగకాయ పెట్టి, చిల్లుగుండా పుల్ల దూర్చి, ఆ కాయను కుడిప్రక్కకు జరపడానికి ప్రయత్నించండి. ఏమైంది? మీరు చెయ్యి కుడికి కదిపితే పుల్ల కొన ఎడమకు పోతుంది! తక్కెడలో ఒక పళ్ళెం దిగితే మరొకటి లేచినట్టే ఇదీను. పైగా పుల్లకు మణికట్టు లేదు. కాయను ప్రక్కనుంచి పట్టి త్రిప్పాలంటే వీలుపడదు. చెయ్యి కొంచెం వణికితే పుల్ల కొనా వణుకుతుంది.

ఆ అమ్మాయి కాయను పెట్టె మూలకు చేర్చేసరికి అయిదు నిమిషాలు పట్టింది. లేతు పట్టే చెయ్యి గనుక వాళ్ళ నాన్నకు మూడు నిమిషాలే పట్టింది. "ఇట్ల కుట్లెట్ల వేస్తరు సార్?" అని ఆయనే అడిగాడు.

వేస్తారు. ఏళ్ళ తరబడి అభ్యాసం చేసి వేస్తారు. కాని ఆ కష్టాన్ని తగ్గించడానికే రోబోటు వచ్చింది.

1985లోనే అమెరికాలో మెదడులోని గడ్డనుంచి చిన్న ముక్క తీసేందుకు, సూదిని సరిగా గురిపెట్టడానికి కర్మాగారాల్లో వాడే ఒక యంత్రపు చేతిని ఉపయోగించారు. 2000లో "డావిన్చి" అనే యంత్రానికి ఆ దేశ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. మనిషి శరీరాన్ని కోసి, చూసి బొమ్మలు వేసిన ఇటలీ చిత్రకారుడు లియొనార్డో డావిన్చి పేరే దానికి పెట్టారు.

ఇందులో మూడు భాగాలుంటాయి. ఒకటి, రోగి మంచం దగ్గర నిలబడే నాలుగు చేతుల యంత్రం. రెండు, దీపాలు, కెమేరా, తెర ఉండే బీరువా వంటిది. మూడు, డాక్టరుగారు కూర్చునే పీఠం. అది అదే గదిలో కొంచెం దూరాన ఉంటుంది. డాక్టరుగారు అందులోని కంటిగాజులకు కళ్ళు ఆనించి, రెండు చేతుల వ్రేళ్ళనూ రెండు పట్టీలలో దూర్చి, కాళ్ళతో పెడళ్ళు నొక్కుతూ పనిచేస్తారు.

ఇక మన పెట్టెలోని చిక్కులు ఒక్కొక్కటే ఎలా విడతాయో చూడండి.

కుడి ఎడమైన చిక్కును కంప్యూటరు సరిచేస్తుంది. డాక్టరుగారి చెయ్యి కుడికి పోతే, లోపలి పనిముట్టు కొనా కుడికే పోతుంది. ఆ కొన దగ్గర బుల్లి మణికట్టు ఉంది. అది మన మణికట్టుకంటె కూడా ఎక్కువగా మడుస్తుంది, తిరుగుతుంది. కెమేరాకు రెండు కళ్ళున్నాయి. అందువల్ల లోతు తెలుస్తుంది. వస్తువు పదింతలు పెద్దదిగా కనిపిస్తుంది. చేతి వణుకును కంప్యూటరు జల్లెడ పట్టి తీసివేస్తుంది.

అన్నిటికంటె ముచ్చటైనది మరొకటి ఉంది. మా ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉంది. పూర్వం పటాలు గీసేవారు పాంటోగ్రాఫ్ అనే పనిముట్టు వాడేవారు. నాలుగు బద్దలు కీళ్ళతో కలిపి ఉంటాయి. పెద్ద పటం గీతలమీద ఒక మొనను నడిపిస్తే, రెండో మొన అదే పటాన్ని చిన్నదిగా గీస్తుంది. రోబోటూ ఇదే చేస్తుంది. డాక్టరుగారి చెయ్యి మూడు సెంటీమీటర్లు కదిలితే, లోపలి పనిముట్టు ఒక్క సెంటీమీటరే కదిలేటట్టు అమర్చుకోవచ్చు. పెద్ద చెయ్యి చిన్నదైపోయిందన్నమాట!

ఇది ఆ అమ్మాయి తండ్రికి ఎలా మేలు? మూత్రపిండం ఎడతెగకుండా రక్తాన్ని వడకట్టే అవయవం. గడ్డ చిన్నదై, వీలైన చోట ఉంటే, మూత్రపిండం మొత్తం తీయకుండా గడ్డను మాత్రం చెక్కి తీయవచ్చు. కాని కోసేటప్పుడు రక్తం చిమ్మకుండా దానికి వచ్చే రక్తనాళాన్ని చిమటాతో బిగిస్తారు. అలా ఎక్కువసేపు ఉంచితే మూత్రపిండం దెబ్బతింటుంది. సుమారు అరగంటలోపల గడ్డ తీసి, మిగిలిన భాగాన్ని కుట్టి, చిమటా వదలాలి. గడియారంతో పోటీ! ఇటువంటి చోటనే ఆ బుల్లి మణికట్టు విలువ తెలుస్తుంది.

"కరెంటు పోతే?" అని ఆ అమ్మాయి మళ్ళీ గుర్తుచేసింది. ఆస్పత్రిలో జనరేటరు ఉంటుంది. యంత్రంలోనే బ్యాటరీ కూడా ఉంటుంది. రోగి ప్రక్కన మరొక డాక్టరు, నర్సులు ఎప్పుడూ నిలబడే ఉంటారు. యంత్రం మొరాయిస్తే పనిముట్లు బయటికి తీసి, చేత్తోనే ఆపరేషను పూర్తిచేస్తారు. ఇంకొకటి: డాక్టరుగారు కంటిగాజుల దగ్గరనుంచి తల ఎత్తితే చాలు, యంత్రపు చేతులు ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. ఆ మాట వినగానే లేతు పనివాడి ముఖం కొంచెం తేటపడింది. "గట్లయితే ఆగుతదన్నట్టు," అన్నాడు.

పిల్లలూ! మంచి చెప్పినవాడు లోటు కూడా చెప్పాలి.

మంచి ఇది: కోతలు చిన్నవి, కొన్ని వ్రేలి గోరంత కూడా ఉండవు. రక్తం తక్కువ పోతుంది. నొప్పి తక్కువ. గాయం చీము పట్టే భయం తక్కువ. ఆస్పత్రిలో ఉండే రోజులు తగ్గుతాయి. రోజుకూలి వాడికి ఒక్కొక్క రోజూ ఎంత విలువైనదో నేను వేరే చెప్పాలా?

లోటు ఇది: ఈ యంత్రాల ఖరీదు కోట్లలో ఉంటుంది. కనుక ఖర్చు ఎక్కువ. చేత్తో తాకితే గట్టిదేదో మెత్తదేదో తెలుస్తుంది. చాలా యంత్రాలలో ఆ స్పర్శ డాక్టరుకు అందదు, కంటితోనే పోల్చుకోవాలి. 2024లో అమెరికాలో అనుమతి పొందిన కొత్త డావిన్చిలో ఆ స్పర్శను కొంతవరకు అందించే ఏర్పాటు వచ్చింది. అన్ని ఆపరేషనులకూ రోబోటే మేలని కూడా అనుకోరాదు. 2018లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, ఒక రకం కాన్సరుకు చిన్న రంధ్రాల పద్ధతికంటె పాత పెద్ద కోత పద్ధతిలోనే ఎక్కువమంది బ్రతికారని తేలింది. ఏది ఎవరికి తగునో డాక్టరు నిర్ణయించాలి. ఎందుకు తగునో రోగి అడిగి తెలుసుకోవాలి. అడగడం తప్పు కాదు.

ఖరీదు సంగతి అన్నాను గదా. మన పంజాగుట్ట నిమ్స్ ప్రభుత్వ సంస్థ. అక్కడ 2023లో ఇటువంటి యంత్రం వచ్చింది. 2022లో గురుగ్రామ్‌లో తయారైన "మంత్ర" అనే మన దేశపు రోబోటు కూడా వాడుకలోకి వచ్చింది. యంత్రం గొప్పదైతే చాలదు, నాచారం కార్మికుడికి కూడా అందాలి. ఆ పని ఇంకా చాలా మిగిలి ఉంది. మీలో కొందరు డాక్టర్లూ ఇంజనీర్లూ అవుతారు. అది మీ వంతు.

ఇక దూరం సంగతి. 2001 సెప్టెంబరు 7న జాక్ మారెస్కో అనే డాక్టరు న్యూయార్కులో కూర్చుని, సముద్రానికి ఆవల ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్గ్ ఆస్పత్రిలో ఉన్న రోగికి పిత్తాశయం ఆపరేషను చేశాడు. అక్కడ కూడా రోగి ప్రక్కన డాక్టర్లు నిలబడే ఉన్నారు సుమా!

చివరి ప్రశ్న ఒకటి మిగిలింది. రోబోటుకు జాలి ఉంటుందా? ఉండదమ్మా. కత్తికీ లేదు, సూదికీ లేదు. జాలి ఉండవలసింది ఆ పీఠంలో కూర్చున్న మనిషికి. అందుకే ఆ మనిషి ఏళ్ళ తరబడి చదివి, ముందు బొమ్మలమీద అభ్యాసం చేసి, ఆ తరువాతనే రోగి దగ్గరకు వస్తాడు.

ఆపరేషను జరిగి ఇప్పటికి నెల దాటింది. నాలుగో రోజున ఆయన ఇంటికి వచ్చాడు. బరువులు ఎత్తవద్దని డాక్టరుగారు చెప్పారు గనుక లేతు దగ్గరకు ఇంకా వెళ్ళడం లేదు. నేను చూడబోతే చొక్కా ఎత్తి మచ్చలు చూపించాడు. "అయిదు సార్! లెక్కపెట్టిన," అంది ఆ అమ్మాయి. చెప్పుల పెట్టె ఇంకా వాళ్ళింట్లోనే ఉంది. ఇప్పుడు ఆ పిల్ల వేరుశనగకాయను ఒక్క నిమిషంలో మూలకు చేరుస్తోంది!

మీకు ఈ నెల పని: రెండు కళ్ళూ తెరిచి పదిసార్లు సూదిలో దారం ఎక్కించండి. తరువాత ఒక కన్ను మూసి పదిసార్లు ఎక్కించండి. ఎన్నెన్ని సార్లు తప్పిందో, ఎందుకు తప్పిందో నాకు వ్రాయండి. డాక్టరుగారి కెమేరాకు రెండు కళ్ళు ఎందుకో మీకే తెలిసిపోతుంది.