తాత కట్టిన గోడకు కాయితం అడిగే రాజ్యం

కరీంనగర్ అవతల ఒక ఊరు. బీడీలు చేసి ముగ్గురు పిల్లలను సాదిన ఒక పెద్దమ్మ. 2011 సకల జనుల సమ్మెలో మేం రోడ్డు మీద వంటావార్పు పెడితే, పొయ్యి దగ్గర కూసుండి మా అందరికీ బువ్వ వండిపెట్టిన మనిషి. మొన్నటి వానలకు ఆమె గూనపెంకుటిల్లు ఎనుకగోడ కూలింది. కొడుకు దుబాయ్‌లో నాలుగేండ్లు చేసి కూడబెట్టిన పైసలున్నాయి. పాతది తీసేసి రెండు అర్రలు, ఒక వంటిల్లు స్లాబు వేసుకుందామనుకున్నారు. మేస్త్రీని మాట్లాడుకున్నారు. మంచిరోజు చూసి ముగ్గు పోశారు. పర్మిషన్ కోసం పోతే ఆఫీసులో అడిగిన మొదటి మాట: ఈ జాగ మీదేనని రిజిస్ట్రేషన్ దస్తావేజు ఏది?

‘మా అత్త ఈ ఇంట్లనే పాయె. నేను ఈ ఇంటికే కోడలిగొస్తి. ముగ్గురు పిల్లలను ఈ అర్రలనే కంటి. ఇంకేం కాయితం గావాలె బిడ్డా?’ అని ఆమె మమ్మల్ని అడిగింది. ఆమె అడిగిన మాటనే మేం ఈ వారం సర్కారును అడుగుతున్నాం.

ఆ జాగకు దస్తావేజు ఎందుకు లేదో ఆఫీసులో కూసున్నవాళ్లకు తెలియదా? తెలుసు. అది గ్రామకంఠం. ఊరు పుట్టిన నాటి నుంచి ఇండ్లు, వాకిళ్లు, పశువుల కొట్టాలు ఉన్న జాగ. ఊరి నక్షలో మొత్తం ఆబాదీకి కలిపి ఒక హద్దు గీసి వదిలేశారు. పొలాలకు సర్వే నంబర్లున్నాయి, పహాణీలున్నాయి, పాసుబుక్కులున్నాయి. మనిషి తలదాచుకున్న ఇంటికి మాత్రం విడివిడి లెక్క ఏ రికార్డులోనూ లేదు. తాత కట్టాడు, తండ్రి ఉన్నాడు, కొడుకు ఉంటున్నాడు. అన్నదమ్ములు పంచుకుంటే నడుమ గోడ పెట్టుకున్నారు, పెద్దమనుషుల ముందు మాట అనుకున్నారు. చేతిలో ఉన్నవి ఇంటి నంబరు, ఇంటిపన్ను రశీదు, కరెంటు బిల్లు. పన్ను వసూలు చేసేటప్పుడు ఈ ఇల్లు ఆమెదే. కరెంటు బిల్లు ఇచ్చేటప్పుడు ఆమెదే. కట్టుకుంటానంటే మాత్రం ఆమెది కాదు! ఇదెక్కడి న్యాయం?

చట్టం చూద్దాం. 1994 నాటి ఉమ్మడి రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం 121వ సెక్షన్, పంచాయతీ అనుమతి లేకుండా ఊళ్లో ఇల్లు కట్టొద్దన్నది. 2002లో గ్రామాల లేఅవుట్లకు, భవనాలకు నిబంధనలు వచ్చాయి. 2018లో మన రాష్ట్రం సొంత పంచాయతీరాజ్ చట్టం చేసుకున్నది. 300 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి పంచాయతీయే అనుమతి ఇవ్వొచ్చు. అది దాటితేనే సాంకేతిక అనుమతి కోసం పైకి పోవాలి. పెద్దమ్మ ఇల్లు ఎంత? అరవై గజాలు. అంటే యాభై చదరపు మీటర్లు. చట్టం ప్రకారం ఊరి పంచాయతీలో తేలిపోవాల్సిన పని.

మరి ఎందుకు తేలటం లేదు? అధికారం ఊరికిచ్చి, భయాన్ని కూడా దానితో పాటే ఇచ్చారు. అక్రమ కట్టడాల విషయంలో తేడా వస్తే సర్పంచ్ మీద, కార్యదర్శి మీద వేటు వేసే అధికారం కలెక్టర్ చేతిలో ఉంది. పెద్ద వెంచర్ వేసినోడిని ఆపటానికి పెట్టుకున్న కత్తి అది. ఆ కత్తి చూసి కార్యదర్శి రెండు అర్రల ఇంటి కాయితం మీద కూడా సంతకం పెట్టటానికి వెనకాడుతున్నాడు. రిజిస్ట్రేషన్ దస్తావేజు తెమ్మంటాడు, దాని లింకు డాక్యుమెంట్లు తెమ్మంటాడు, లైసెన్సు ఉన్న ఇంజనీరు గీసిన ప్లాను తెమ్మంటాడు. ఆ ఇంజనీరు ఉండేది పట్నంలో. కూలీ పని పోగొట్టుకుని బస్సెక్కి రెండుసార్లు పోయొస్తే ఇటుకల పైసలు అక్కడే అయిపోతాయి. చివరికి చేతులు తడిపినోడి ఇల్లు లేస్తుంది, తడపలేనోడి ముగ్గు వానకు కొట్టుకుపోతుంది.

ఇప్పుడు పట్నం సంగతి చూడండి. 2020లో టీఎస్ బీపాస్ చట్టం తెచ్చారు. మున్సిపాలిటీలు, పట్టణాభివృద్ధి సంస్థల పరిధి కోసం తెచ్చిన చట్టం. 75 గజాల లోపు చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు లోపు అయితే సొంత ధ్రువీకరణ ఇస్తే వెంటనే అనుమతి అన్నారు. మంచిదే, మేం కాదనటం లేదు. కానీ ఈ సౌకర్యం ఎవరికి పనికొస్తుంది? చేతిలో దస్తావేజు ఉన్నోడికి. ఆరు వందల గజాల ఆసామి మాట మీద నమ్మకం పెట్టిన రాజ్యం, అరవై గజాల పెద్దమ్మ మాట నమ్మదు. ఆమె ఎదురుగా నాలుగు తరాల గోడ నిలబడి సాక్ష్యం చెప్పినా నమ్మదు.

ఊరి నడుమ ఇట్లుంటే ఊరి చివర ఇంకో కథ. రోడ్డు పక్క పొలాన్ని గజాల లెక్కన కోసి అమ్మిన వ్యాపారి పైసలు సంచిలో వేసుకుని పోయాడు. అందులో వంద గజాలు కొనుక్కున్న ఆటో డ్రైవరు, ప్రైవేటు స్కూలు టీచరు ఇరుక్కుపోయారు. 2020 ఆగస్టు 31న వచ్చిన ఎల్ఆర్ఎస్ జీవోకు రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. 2025లో పాతిక శాతం రాయితీ ఇచ్చి మళ్లీ కదిలించాల్సి వచ్చింది. అక్రమంగా అమ్మినోడు తప్పించుకున్నాడు, కొన్నోడు జరిమానా కట్టాలి, కట్టేదాకా పర్మిషన్ లేదు. దొంగను వదిలి సొమ్ము పోయినోడిని కట్టేసే న్యాయమిది.

పర్మిషన్ ఒక్క ముద్ర కాదు. అది లేకపోతే బ్యాంకు ఇంటి లోను రాదు. లోను రాకపోతే నూటికి మూడు రూపాయల మిత్తి. 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇండ్ల పథకంలో 5 లక్షల సాయం ముందుగా సొంత జాగ ఉన్నోళ్లకన్నారు. జాగ సొంతమని చూపలేనోళ్ల గతేమిటి? కాయితం ఒక్కటి లేక పేదవాడికి మూడు దిక్కులా దారి మూసుకుపోతుంది.

అట్లని అనుమతులే వద్దని మేం అనటం లేదు. చెరువు శిఖంలో గోడ లేవొద్దు. మోరి మీద స్లాబు పడొద్దు. బండి మళ్లే బాటను ఎవరూ మింగొద్దు. కరెంటు తీగ కింద మేడ కట్టి పసిపిల్లల ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. ఇవి చూసేటందుకే పంచాయతీ ఉన్నది. కానీ మన ఊళ్లల్లో జరుగుతున్నదేమిటి? శిఖం భూముల్లో వెంచర్లకు కాయితాలు దొరుకుతున్నాయి, తాత ఇంటికి దొరకటం లేదు.

మనం కొట్లాడింది ఎందుకు? హైదరాబాద్‌లో కుర్చీలు మారటానికేనా? 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ పోయిందన్నారు. 1992లో 73వ రాజ్యాంగ సవరణ చేసి గ్రామీణ గృహనిర్మాణం సహా 29 అంశాలు పంచాయతీలకన్నారు. 2014 జూన్ 2న రాష్ట్రమే వచ్చింది. 2018లో తండాలు సైతం పంచాయతీలయ్యాయి. ఇన్ని అయినా, సొంత ఇంటి జాగ మీద హక్కు చూపే ఒక్క కాయితం ఊరి మనిషికి అందలేదు. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేండ్లు సర్పంచులే లేరు, ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. 2025 డిసెంబర్ ఎన్నికలతో ఇప్పుడు కొత్త పాలకవర్గాలు వచ్చాయి. ఇక సాకు లేదు.

మా డిమాండ్లు సూటిగానే ఉన్నాయి. గ్రామకంఠాన్ని ఇల్లిల్లూ కొలవాలి. కొలిచిన లెక్కను గ్రామసభలో చదివి, అభ్యంతరాలు అక్కడే విని, ఆలుమగలిద్దరి పేరిట హక్కు పత్రం ఉచితంగా ఇవ్వాలి. అది వచ్చేదాకా ఇంటిపన్ను రశీదు, ఇరుగుపొరుగు వాంగ్మూలం చాలని సర్కారు రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. పాత పునాది మీద చిన్న ఇల్లు కట్టుకునేటోడికి ఒక్క రూపాయి నమోదే సరిపోవాలి. నాలుగైదు రకాల ఇంటి ప్లాన్లు పంచాయతీలోనే ఉచితంగా దొరకాలి. దరఖాస్తు తీసుకున్న నాడే తారీఖుతో రశీదు ఇవ్వాలి. కాదంటే ఎందుకు కాదో రాసివ్వాలి. ఫీజుల పట్టిక పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. అక్రమ వెంచర్ జరిమానా అమ్మినోడి నుంచే వసూలు చేయాలి.

2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. వచ్చే గ్రామసభకు ఇంటిపన్ను రశీదు చేతబట్టుకుని పోండి. ఒక్కరు కాదు, వాడవాడా కలిసి పోండి. మా ఇల్లు మాదేనని తీర్మానం రాయమనండి. రాయకుంటే ఎందుకు రాయరో చెప్పమనండి. రాష్ట్రాన్ని అడిగి తెచ్చుకున్నోళ్లం. అరవై గజాల జాగ మీద హక్కు అడగటానికి వెనకాడతామా?

పెద్దమ్మ ఇంటి ఎనుకగోడకు ఇప్పుడు టార్పాలిన్ కట్టి ఉంది. వచ్చే వానాకాలం లోపు అక్కడ గోడ లేవాలి.