ఇంజిన్ పోతే మెకానికల్ పోయినట్టేనా?

యమహా ఆర్15 నడిపినవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. యాక్సిలరేటర్ తిప్పుతూ 7,400 ఆర్‌పీఎం దాటితే మీటర్లో ‘వీవీఏ’ అని వెలుగుతుంది. అక్కణ్నుంచి బండి కొత్త ఊపు అందుకుంటుంది. వీవీఏ అంటే వేరియబుల్ వాల్వ్ యాక్చుయేషన్. ఇంజిన్‌లోకి గాలిని వదిలే వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంత తెరుచుకోవాలి అన్నది వేగాన్ని బట్టి మార్చే ఏర్పాటు. 2018లో వచ్చిన ఆర్15 మూడో వెర్షన్‌తో మన కుర్రకారుకు ఈ మాట బాగా పరిచయమైంది. కార్లలో అయితే ఈ టెక్నాలజీ 40 ఏళ్లకు పైగా ఉంది.

ఇన్నేళ్లు ఇంజినీర్లు పట్టుబట్టి సానబెట్టిన ఆ వాల్వు ఎలక్ట్రిక్ కారులో అసలు ఉండనే ఉండదు. క్యామ్‌షాఫ్ట్ లేదు, టైమింగ్ చైన్ లేదు, పిస్టన్ లేదు. అందుకే మెకానికల్ ఫైనలియర్ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఎప్పుడు చూసినా ఒకటే చర్చ. ‘ఐసీ ఇంజిన్స్ చదివి లాభం లేదు, ఈవీ కోర్సులో చేరిపోదాం’ అని కొందరు. ‘ఈవీ అంతా హడావుడే, పెట్రోలు బండి ఎక్కడికీ పోదు’ అని ఇంకొందరు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఈ రెండు మాటలూ నష్టం చేసేవే. ఇంజిన్‌లోంచి మోటారులోకి ఏం వెళ్తోంది, ఏం మిగిలిపోతోంది అన్నది చూస్తే కారణం తెలుస్తుంది.

వాల్వుకు వచ్చిన చిక్కేంటి?

చిన్న లెక్క వేద్దాం. ఇంజిన్ 3,000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే క్రాంక్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరగడానికి పట్టేది 20 మిల్లీసెకన్లు. ఇన్‌టేక్ వాల్వు సుమారు 230 డిగ్రీల పాటు తెరిచి ఉంటుందనుకుంటే సిలిండర్‌లోకి గాలి వెళ్లడానికి దొరికేది 13 మిల్లీసెకన్లు. అదే ఇంజిన్ 9,000లో తిరిగితే ఆ సమయం నాలుగు మిల్లీసెకన్లకు పడిపోతుంది.

గాలికి బరువుంది. వేగంగా కదిలే గాలి చటుక్కున ఆగదు. పిస్టన్ పైకి రావడం మొదలుపెట్టాక కూడా కాసేపు లోపలికి తోసుకుంటూనే వస్తుంది. కాబట్టి ఎక్కువ వేగంలో వాల్వును ఆలస్యంగా మూస్తే లాభం. తక్కువ వేగంలో అలా చేస్తే లోపలికొచ్చిన గాలిని పిస్టన్ మళ్లీ వెనక్కి నెట్టేస్తుంది. మామూలు క్యామ్ ఆకారం ఒకసారి చెక్కితే అంతే, మారదు. అందుకే పాత ఇంజిన్లన్నీ ఏదో ఒక వేగానికి అనుకూలంగా, మిగతా వేగాల్లో సర్దుకుపోతూ నడిచేవి.

ఈ సర్దుబాటును వదిలించుకోవడమే వేరియబుల్ వాల్వ్ టెక్నాలజీ కథ. 1980లో ఆల్ఫా రోమియో స్పైడర్ కారులో వాల్వు టైమింగ్ మార్చే ఏర్పాటు పెట్టింది. 1989లో హోండా ఇంటిగ్రాలో వీటెక్ వచ్చింది. టర్బో లేకుండానే 1.6 లీటర్ల ఇంజిన్ నుంచి 160 హార్స్‌పవర్ రాబట్టారు. 2001లో బీఎండబ్ల్యూ వాల్వ్‌ట్రానిక్‌తో థ్రాటిల్ చేసే పనిని చాలావరకు వాల్వు లిఫ్టుకే అప్పగించింది. 2019లో హ్యుందాయ్ తెచ్చిన సీవీవీడీ, వాల్వు ఎంతసేపు తెరిచి ఉండాలన్నదాన్నే నడుస్తుండగా మార్చేస్తుంది.

ఇనుప ముక్క నుంచి కోడ్‌లోకి

ఈ వరుసను గమనించండి. మొదట్లో క్యామ్ మీద చెక్కిన ఆకారమే అంతా నిర్ణయించేది. తర్వాత తర్వాత ఆ నిర్ణయం ఈసీయూ చేతికి వచ్చింది. నేటి కారులో క్రాంక్ సెన్సర్, క్యామ్ సెన్సర్ రెండూ కలిసి ‘వాల్వు ఇప్పుడు ఏ కోణంలో ఉంది’ అని చెబుతాయి. ‘ఈ వేగానికి, ఈ లోడుకు ఏ కోణంలో ఉండాలి’ అన్నది ఈసీయూ తన మెమరీలోని మ్యాప్‌లో చూసుకుంటుంది. రెండింటికీ తేడా ఉంటే సోలెనాయిడ్‌కు పల్సులు పంపుతుంది. ఆయిల్ ప్రెషర్ క్యామ్ ఫేజర్‌ను కొద్దిగా తిప్పుతుంది. మళ్లీ కొలుస్తుంది, మళ్లీ సరిచేస్తుంది. కంట్రోల్ సిస్టమ్స్ పుస్తకంలో చదివిన క్లోజ్డ్ లూప్ అంటే ఇదే.

ఇక ఎలక్ట్రిక్ కారు సంగతి. మోటారుకు గాలి అక్కర్లేదు, సున్నా వేగం దగ్గరే పూర్తి టార్క్ ఇస్తుంది. అయితే దానికీ వేగంతో చిక్కుంది. రోటారులోని అయస్కాంతాలు తిరుగుతూ కాయిల్స్‌లో ఎదురు వోల్టేజీ పుట్టిస్తాయి. వేగం పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. బ్యాటరీ ఇవ్వగలిగే వోల్టేజీకి దగ్గరపడితే కరెంటును లోపలికి పంపడం కష్టమవుతుంది. అప్పుడు ఇన్వర్టర్ కరెంటు ఇచ్చే కోణాన్ని జరిపి అయస్కాంత క్షేత్రాన్ని కొంత తగ్గిస్తుంది. దీన్నే ఫీల్డ్ వీకెనింగ్ అంటారు. ఇక్కడా రోటారు ఏ కోణంలో ఉందో చెప్పే సెన్సర్ ఉంది. వేగానికి, టార్క్‌కు తగిన మ్యాప్ ఉంది. పల్సులు ఉన్నాయి. కొలిచి సరిచేసే లూప్ ఉంది.

అంటే పోయింది వాల్వు. ‘ఏ వేగానికి ఏ కోణం’ అన్న ప్రశ్న పోలేదు. ఆ ప్రశ్నకు జవాబు రాబట్టడం తెలిసినవాళ్లకు రెండు చోట్లా పని ఉంటుంది. వాల్వు పేర్లు, భాగాల బొమ్మలు మాత్రమే బట్టీ పట్టినవాళ్లకు మాత్రం ఇబ్బందే.

మార్కెట్ ఎటు పోతోంది?

2024-25లో దేశంలో సుమారు 43 లక్షల ప్రయాణికుల వాహనాలు అమ్ముడయ్యాయి. వాటిలో ఎలక్ట్రిక్‌వి లక్ష పైచిలుకే. టూవీలర్లలో వాటా ఇంకాస్త మెరుగు, నూటికి ఆరు దాకా ఉంది. 2030 నాటికి కొత్త వాహనాల అమ్మకాల్లో 30 శాతం ఎలక్ట్రిక్ ఉండాలన్నది కేంద్రం లక్ష్యం. ఈవీలపై జీఎస్టీ 5 శాతమే. 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు కార్లపై కూడా పన్ను 18 శాతానికి తగ్గింది. రెండు వైపులా తలుపులు తెరిచే ఉన్నాయన్నమాట.

ఈ మధ్యలో హైబ్రిడ్లు ఉన్నాయి. ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా లాంటి హైబ్రిడ్లలో ఇంజిన్ అట్కిన్‌సన్ పద్ధతిలో నడుస్తుంది. ఇన్‌టేక్ వాల్వును కావాలనే ఆలస్యంగా మూసి ఇంధనం ఆదా చేస్తారు. అంటే వాల్వు టైమింగ్, మోటారు కంట్రోల్ ఒకే కారులో పక్కపక్కనే పనిచేస్తున్నాయి. కంపెనీ అమ్మే కార్ల సగటు కార్బన్ డయాక్సైడ్ కిలోమీటరుకు 113 గ్రాములు దాటకూడదన్న కేఫ్ నిబంధన 2022-23 నుంచి అమల్లోకి వచ్చింది. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. వీటన్నిటికీ తగ్గట్టు ఇంజిన్లను ట్యూన్ చేయాల్సిందే.

మన దగ్గరా అదే బొమ్మ. పెనుకొండ దగ్గరి కియా ప్లాంటులో పెట్రోలు, డీజిల్ కార్లతో పాటు ఎలక్ట్రిక్ కార్లూ తయారవుతున్నాయి. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీల గిగా కారిడార్ కడుతోంది. హైదరాబాద్‌లో ఓలెక్ట్రా ఎలక్ట్రిక్ బస్సులు ఉన్నాయి. హ్యుందాయ్, జడ్‌ఎఫ్ ఇంజినీరింగ్ కేంద్రాలూ ఇక్కడే ఉన్నాయి.

అలాగని అందరూ నిశ్చింతగా ఉండొచ్చని కాదు. క్యామ్‌లు, వాల్వులు, పిస్టన్ రింగులు చేసే యూనిట్లలో పని క్రమంగా తగ్గుతుంది. మోటారులో కదిలే భాగాలు తక్కువ, వాటిని చేసే చేతులూ తక్కువే కావాలి. ఇంకో చేదు నిజం కూడా ఉంది. మోటారు కంట్రోల్ ఉద్యోగాలకు మీతో పాటు ఈఈఈ, ఈసీఈ వాళ్లూ వస్తారు. ‘మాది మెకానికల్ కదా, కోడింగ్ ఎందుకు’ అనుకున్నవాళ్లు ఆ పోటీలో వెనకబడతారు. మెకానికల్ వాళ్ల బలం వేరే ఉంది. బ్యాటరీ ప్యాక్ వేడెక్కకుండా చూడడం, చల్లబరిచే ఏర్పాటు, ప్యాక్ గట్టిదనం, గేరు శబ్దం, కంపనాలు. హీట్ ట్రాన్స్‌ఫర్, వైబ్రేషన్స్ సబ్జెక్టులకు మళ్లీ గిరాకీ వచ్చింది ఇక్కడే.

ఇప్పుడేం చేయాలి?

మొదటిది: కంట్రోల్ సిస్టమ్స్ పాస్ మార్కుల కోసం కాకుండా అర్థమయ్యేలా చదవండి. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితం. కాలేజీలో మ్యాట్‌ల్యాబ్ లేకపోతే సైల్యాబ్, ఆక్టేవ్ ఉచితంగా దొరుకుతాయి.

రెండోది: ఒక చిన్న మోటారు, ఎన్‌కోడర్, ఆర్డుయినో బోర్డు తీసుకుని లోడు మారినా వేగం మారకుండా నిలబెట్టండి. కొని తెచ్చిన ప్రాజెక్టు కన్నా ఇది ఇంటర్వ్యూలో ఎక్కువ మాట్లాడుతుంది.

మూడోది: చవగ్గా దొరికే ఓబీడీ స్కానర్‌తో ఇంట్లోవాళ్లదో, స్నేహితుడిదో కారు డేటా రికార్డు చేయండి. ఆర్‌పీఎం, లోడు, ఇగ్నిషన్ టైమింగ్ ఎలా కలిసి మారుతున్నాయో గ్రాఫు గీయండి. మ్యాప్ అంటే ఏంటో అప్పుడు కళ్లకు కడుతుంది.

నాలుగోది: కాలేజీ టీముంటే బాహా, ఫార్ములా భారత్ లాంటి పోటీల్లో చేరండి. రెండింటిలోనూ ఎలక్ట్రిక్ విభాగాలున్నాయి.

డిప్లొమా, ఐటీఐ వాళ్లకు ఇంకో మాట. 60 వోల్టుల డీసీ దాటితే ప్రమాదమే, కారు బ్యాటరీల్లో సాధారణంగా 300 వోల్టులకు పైనే ఉంటుంది. సరఫరా ఎలా తెంచాలి, ఏ గ్లౌజులు వాడాలి, ఇన్సులేషన్ ఎలా పరీక్షించాలి అన్నది తెలిసిన మెకానిక్‌కు విలువ ఎక్కువ.

‘మూడు నెలల్లో ఈవీ ఇంజినీర్’ అనే ప్రకటన చూసి ఫీజు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. ల్యాబ్‌లో నిజమైన ఇన్వర్టర్, బ్యాటరీ ప్యాక్ ఉన్నాయా? వాటిని నా చేత్తో పట్టుకోనిస్తారా? పోయిన బ్యాచ్‌లో ఎవరు ఏ ఉద్యోగంలో చేరారు, వాళ్లతో మాట్లాడొచ్చా? నీళ్లు నమిలితే ఆ డబ్బు దాచుకోవడమే మేలు.

చివరిగా మీకు మీరే పెట్టుకోదగ్గ పరీక్ష. ఎక్కువ వేగంలో ఇన్‌టేక్ వాల్వును ఎందుకు ఆలస్యంగా మూస్తారు? వేగం ఒక హద్దు దాటాక మోటారు టార్క్ ఎందుకు తగ్గుతుంది? ఈ రెండింటికీ తెల్లకాగితం మీద బొమ్మ గీసి, చెరో ఐదు నిమిషాల్లో పక్కవాడికి అర్థమయ్యేలా చెప్పి చూడండి. చెప్పగలిగితే ఇంటర్వ్యూలో మీ ముందున్నది పెట్రోలు బండి కంపెనీయా, ఎలక్ట్రిక్ బండి కంపెనీయా అన్నది పెద్ద విషయం కాదు. తడబడితే ఎక్కడ తడబడ్డారో రాసుకోండి. రేపటి నుంచి చదవాల్సింది అదే.