ముక్కు మీద నక్షత్రం

మా పెదనాన్న ఇంటికి వెళ్తే కింద చూసి నడవాలి. హాలు గుమ్మం దగ్గరే పెద్దమ్మ ఎదురొచ్చి హెచ్చరిస్తుంది: ‘‘చూసి అడుగెయ్యవే తల్లీ. నిన్న పనమ్మాయి సిగ్నల్ స్తంభం తొక్కేసింది. రాత్రి అన్నం సయించలేదు మీ పెదనాన్నకి.’’

పెదనాన్న బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. పెన్షన్ డబ్బుల్లో పెద్దమ్మకు తెలిసి కొంత, తెలియకుండా కొంత రైలు ఇంజన్లకు పోతుంది. అవి పిల్లలు ఆడుకునే బొమ్మలు కావు, అలా అన్నామంటే ఆ పూటకి మాటల్లేవు. స్కేలు మోడళ్లు! అసలు ఇంజను ఎంత ఉంటే అందులో సరిగ్గా 87వ వంతు. కిటికీ, నిచ్చెన, చక్రం, మేకు... అన్నీ అదే లెక్కలో చిన్నవవుతాయి. ప్రపంచంలో ఎక్కువమంది వాడేది ఈ సైజే. హెచ్.ఓ. అంటారు.

ఆయన అలమారాలో ఒక జర్మనీ ఆవిరి ఇంజను ఉంది. ఒక అమెరికా డీజిల్ ఉంది. ఎవరో పాతది అమ్మేస్తుంటే కొన్న ఇంగ్లండ్ ఇంజనూ ఉంది. లేనిదల్లా ఆయనకు కావలసినదొక్కటే. డబ్ల్యు.పి.

ఆ పేరు తెలియకపోయినా చాలామంది ఆ ఇంజన్ని చూసే ఉంటారు. గుండ్రంగా ముందుకు పొడుచుకొచ్చిన తుపాకీ గుండు లాంటి ముక్కు. దాని మీద వెండి రంగు నక్షత్రం. ఒకప్పుడు ఎక్స్‌ప్రెస్, మెయిలు బళ్లకు అదే పెద్ద దిక్కు. 1947లో అమెరికాలోని బాల్డ్‌విన్ కంపెనీ నుంచి మొదటి 16 దిగాయి. తర్వాత కెనడా, పోలండ్, ఆస్ట్రియాల్లో కూడా చేయించారు. 1963 నుంచి మన చిత్తరంజన్‌లోనే తయారయ్యాయి. 1967లో తయారీ ఆపేసేనాటికి లెక్క 755. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ బొగ్గుతో నడిచిన రోజుల్లో దేశంలోని వేగవంతమైన ఆవిరి రైళ్లలో ఒకటని పేరు. కాజీపేట, విజయవాడ వైపు పెద్దవాళ్లను కదిపితే ఇప్పటికీ ఆ కబుర్లు ఒక పట్టాన ఆగవు.

మా తాతయ్య కాజీపేటలో ఫైర్‌మన్. నేను పుట్టేసరికే ఆయన లేరు. నాకు ఊహ తెలిసేసరికి, అంటే 1995కల్లా, బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి బళ్లు కూడా లేవు. కాబట్టి ఈ విషయంలో నాది పూర్తిగా విన్నకాపురం. పెదనాన్నది కన్నకాపురం. చిన్నప్పుడు క్యారేజీ తీసుకుని షెడ్డుకి వెళ్లి, నాన్న ఏ ఇంజను కింద నుంచి నల్లగా బయటికొస్తాడా అని ఎదురుచూసిన మనిషి ఆయన.

ఇంత పేరున్న ఇంజనుకి మోడల్ ఎందుకు దొరకదు? నేనూ ఇదే అడిగాను. ‘‘అమెరికాలో బిగ్‌బాయ్ అని ఒకటుంది, తెలుసా?’’ అన్నారు. 1941-44 మధ్య చేసిన రాకాసి ఇంజను. మొత్తం చేసినవి 25. ఎనిమిది మిగిలాయి. అందులో ఒకదాన్ని 2019లో మళ్లీ పట్టాలెక్కించారు కూడా. దాని మోడల్ని చేయని పెద్ద కంపెనీ లేదేమో అన్నట్టుగా ఉంటుంది మార్కెట్టు. ‘‘పాతిక ఇంజన్లకి అన్ని మోడళ్లా! ఏడొందల యాభై అయిదుకి నేను వెతికినంతలో ఒక్కటి కనపడలేదే!’’ అంటూ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

అసలు సంగతి ముందు డబ్బు దగ్గర, ఆ తర్వాత పట్టాల దగ్గర ఉంది. ఒక ఇంజను మోడల్ ఫ్యాక్టరీలో తయారవాలంటే ప్రతి భాగానికీ ఉక్కు అచ్చులు పోయించాలి. ఆ ఖర్చు రాబట్టుకోవాలంటే వేలల్లో అమ్ముడుపోవాలి. అందుకే ఇప్పుడు చాలా కంపెనీలు ముందు బొమ్మ గీసి చూపిస్తాయి. తగినన్ని ఆర్డర్లు వస్తేనే పని మొదలు. మన దగ్గర ఈ సరదా ఉన్నవాళ్లు ఉన్నారు. పుణెలో జోషీ గారి చిన్న రైళ్ల మ్యూజియం 1998 నుంచీ జనాన్ని రప్పిస్తూనే ఉంది. కానీ వేడుక చూడ్డానికి వచ్చేవాళ్లు వేరు, ఇంజనుకి పాతికవేలో ముప్ఫైవేలో పెట్టేవాళ్లు వేరు కదా!

ఇక పట్టాలు. అమెరికా, యూరప్‌లలో ఎక్కువ చోట్ల రెండు పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే పదహారున్నర. ప్రపంచమంతా అమ్మే హెచ్.ఓ. పట్టాలు ఆ కొలతవే. మన బ్రాడ్‌గేజ్ 1676. భాగించి చూడండి, పంతొమ్మిది దాటుతుంది. అంటే మన ఇంజన్ని లెక్క ప్రకారం చేస్తే బజార్లో దొరికే పట్టాల మీద నిలబడదు. దొరికే పట్టాల మీద నిలబెడితే కింద చక్రాలు దగ్గరికి జరిగి, భారీ మనిషి చిన్నపిల్లాడి చెప్పులేసుకున్నట్టు ఉంటుంది. సరైన కొలతలో చేద్దామంటే పట్టాలు, పాయింట్లు, ఇరుసులు సమస్తం మనమే చేసుకోవాలి. చిత్రమేమిటంటే కాల్కా-సిమ్లా లాంటి చిన్న లైన్లకి ఈ బాధ లేదు. 762 మిల్లీమీటర్ల పట్టా 87వ వంతుకి తొమ్మిదికి దగ్గరగా వస్తుంది, తొమ్మిది మిల్లీమీటర్ల పట్టాలు ఎక్కడైనా దొరుకుతాయి.

ఇంగ్లండ్ వాళ్లు ఈ తిప్పలు ఎప్పుడో పడ్డారు. వాళ్ల మోడళ్లు 76వ వంతు, పట్టాలు మాత్రం ఆ పదహారున్నరవే. లెక్క ప్రకారం దాదాపు పంతొమ్మిది ఉండాలి. అయినా దశాబ్దాలుగా కొని ఆడిస్తూనే ఉన్నారు. అది సహించలేనివాళ్లు కొందరు వేరుగా సరైన పట్టాలు వేసుకున్నారు. నన్నడిగితే మూడడుగుల దూరం నుంచి కదిలే బండిలో మూడు మిల్లీమీటర్లు ఎవరికీ కనపడవు. ఈ మాట పెదనాన్నతో అన్నాను. ‘‘నాకు కనపడుతుంది’’ అన్నారు. అక్కడితో ఆ చర్చ సరి.

అందుకని ఆయనే మొదలుపెట్టారు. కొలతలు కావాలిగా! మొట్టమొదటి డబ్ల్యు.పి., 7200 నంబరుది, ఢిల్లీ రైలు మ్యూజియంలో ఉంది. టేపు, నోటు పుస్తకం పట్టుకుని వెళ్లి రోజంతా కొలిచారట. పెద్దమ్మ చెట్టు కింద పులిహోర పొట్లాలు కాపలా కాసింది. (‘‘తాజ్‌మహల్ చూపిస్తానని తీసుకెళ్లారు’’ అని ఆమె ఇప్పటికీ అంటుంది.) మరుసటి ఏడు హర్యానాలోని రేవాడీ షెడ్డుకి వెళ్లారు. అక్కడ అక్బర్ అనే డబ్ల్యు.పి.ని భద్రంగా కాపాడుతున్నారు, సినిమాల్లో కూడా కనిపిస్తుంటుంది. ఈసారి మాత్రం పెద్దమ్మ వెళ్లలేదు.

పెద్ద చక్రం ఎత్తు 1702 మిల్లీమీటర్లు. అంటే నా భుజాలు దాటి దాదాపు కనుబొమ్మల దాకా! మోడల్లో అది రూపాయి బిళ్ల కన్నా చిన్నది. అలాంటివి పక్కకి మూడు. వాటిని కలిపే కడ్డీలు, వెనక్కీ ముందుకీ ఊగే లింకులు కదిలి తీరాలి. ముందు నాలుగు, వెనక రెండు చిన్న చక్రాలు వంపుల్లో పక్కలకి తిరగాలి. ఈ వంపులే పెద్ద తలనొప్పి. బ్రాడ్‌గేజ్ మీద బాగా బిగువైన వంపుకి కూడా వ్యాసార్ధం 175 మీటర్లు. స్కేలు ప్రకారం రెండు మీటర్లు. హాల్లో ఒక రైలు గుండ్రంగా తిరగాలంటే నాలుగు మీటర్ల వెడల్పు కావాలి. సోఫా ఎక్కడ వెయ్యమంటారు? అందుకే మోడళ్లని అర మీటరు వంపులోనూ తిరిగేలా చేస్తారు. అలా చేయాలంటే చక్రాలకీ సిలిండర్లకీ మధ్య ఖాళీ పెంచాలి. పెంచితే ఒడ్డూపొడుగూ మారిపోతుంది. ఒకటి సర్దితే ఒకటి చెడుతుంది.

శబ్దం సంగతి మరీ ముచ్చట. రెండు సిలిండర్ల ఆవిరి ఇంజను చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగుసార్లు ‘చుక్’ అంటుంది. ఇప్పుడు గోరంత చిప్పులో ఆ చప్పుడు నింపి మోడల్లో పెట్టేస్తున్నారు. పెదనాన్న దగ్గరున్న జర్మనీ ఇంజను కూడా అలా అరుస్తుంది. ‘‘అది మన కూత కాదమ్మా. మనది వింటే కడుపులో కదిలేది’’ అంటారు. నేను వినలేదు కాబట్టి ఏమీ అనలేకపోయాను.

ఇప్పటికి బాయిలరు, డ్రైవరు గది, బొగ్గు తొట్టి అయ్యాయి. ఇత్తడి రేకు కోసి, టంకం పెట్టి, ఆకురాయి వేసి. ముక్కు మాత్రం మూడుసార్లు చెక్కారు. రెండు నచ్చక పారేశారు. చక్రాలు ఇంకా దొరకలేదు. ఇంజనూ తొట్టీ కలిపి ఇరవై ఏడు సెంటీమీటర్లు, మా ఆఫీసు బల్ల మీద స్కేలు కన్నా కాస్త తక్కువ. దానికి నాలుగేళ్లు పట్టింది. ఆయనకి డెబ్భై దాటాయి, కుడిచెయ్యి ఈమధ్య కొంచెం వణుకుతోంది. టంకం పనంతా పొద్దున్నే, కాఫీకి ముందే చేసేసుకుంటున్నారు.

ముందు ఏ ఇంజనైనా చాలనుకున్నారట. ఇప్పుడు ఆ ఒక్కటే కావాలంటున్నారు. పాత ట్రంకు పెట్టెలో ఒక ఫొటో ఉంది. తాతయ్య తలకి గుడ్డ కట్టుకుని ఇంజను మెట్టు మీద నిలబడ్డారు. నవ్వడం లేదు కానీ నవ్వు ఆపుకుంటున్నట్టుంది. పక్కన నంబరు పలకలో మొదటి అంకె ఏడు. తర్వాతి రెండూ ఆయన చెయ్యి కింద దాక్కున్నాయి. చివరిది నాలుగో, తొమ్మిదో భూతద్దంతో చూసినా తేలలేదు. నలుపూ తెలుపూ ఫొటో కాబట్టి నక్షత్రం వెనకాల రంగేమిటో కూడా తెలియదు. ఒక్కో షెడ్డు ఒక్కో రకంగా వేసుకునేది. ఆకుపచ్చ అని పెదనాన్నకి గుర్తు. నీలం అని మా నాన్న పట్టు. అన్నదమ్ములిద్దరూ ఈ సంక్రాంతికి కూడా దీని మీదే వాదించుకున్నారు.

మీ ఇంట్లో ఎవరైనా కాజీపేట షెడ్డులో పనిచేసి ఉంటే, పాత ఆల్బమ్‌లో రంగుల ఫొటో ఏమైనా ఉంటే ఒక్కసారి చూస్తారా? చక్రాలు వచ్చేలోపు పెదనాన్నకి ఆ రంగు తెలియాలి. డబ్బా మూత తీసి, బ్రష్షు కడిగి పెట్టుకుని కూర్చున్నారు.