మాలే నుంచి మనవాళ్లను తెచ్చిన ‘జలాశ్వ’ వయసెంతో తెలుసా?

2020 మే 10. మామూలు విమాన సర్వీసులు ఆగిపోయి మాల్దీవుల్లో చిక్కుకుపోయిన 698 మందితో ఓ బూడిదరంగు ఓడ కొచ్చి రేవు చేరింది. మనిషికి 40 డాలర్ల చార్జీ. ఆ ఓడ పేరు ఐఎన్‌ఎస్‌ జలాశ్వ. విశాఖ వాసులకు కొత్తేమీ కాదు, దాని సొంత రేవు అక్కడే.

ఇది యుద్ధనౌకా, సరుకు ఓడా? రెండూ కొంత కొంత. సైనికుల్ని, యుద్ధ ట్యాంకుల్ని, లారీల్ని మోసుకెళ్లి తీరాన దించడం దీని పని. అందుకు రేవు కూడా అక్కర్లేదు. అడుగున ఉన్న అరల్లోకి సముద్రపు నీరు ఎక్కిస్తే వెనక భాగం కిందికి దిగుతుంది. తలుపు తీస్తే లోపలికి నీళ్లొచ్చి, అక్కడున్న పడవలు సరుకుతో సహా తేలుతూ బయటికెళ్తాయి. సుమారు వెయ్యి మంది సైనికులకు చోటుంది కాబట్టి ఆపదలో పౌరులకూ పనికొస్తోంది. మాలే తర్వాత కొలంబోకి, ఇరాన్‌లోని బందర్‌ అబ్బాస్‌కి వెళ్లింది. 2021 సెకండ్‌ వేవ్‌లో బ్రూనై నుంచి ఆక్సిజన్‌ ట్యాంకులు మోసుకొచ్చింది.

ఇక వయసు సంగతి. ఇది 1971లో ‘ట్రెంటన్‌’ పేరుతో అమెరికా నౌకాదళంలో చేరింది. అక్కడా ఇదే పని! 1991 జనవరిలో సోమాలియా అంతర్యుద్ధంలో మొగదిషులోని అమెరికా రాయబార కార్యాలయం నుంచి 281 మందిని బయటికి తెచ్చారు. ఆ తరలింపునకు మొదటి హెలికాప్టర్లు లేచింది దీని మీద నుంచే. దాదాపు 36 ఏళ్ల సర్వీసు తర్వాత 2007 జనవరిలో, సుమారు 4.8 కోట్ల డాలర్లకు మన చేతికొచ్చింది. ఓడ పరిస్థితి సరిగా చూసుకోకుండా తొందరపడి కొన్నారని కాగ్‌ 2008లో తప్పుపట్టింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఓడలో విషవాయువు లీకై ఆరుగురు నౌకాదళ సిబ్బంది చనిపోయారు.

సెకండ్‌ హ్యాండ్‌ కొన్నామన్నది పెద్ద సమస్య కాదు. తోడు లేకపోవడమే సమస్య. మన నౌకాదళంలో ఈ తరహా ఓడ ఇదొక్కటే. ఇలాంటివి నాలుగు కట్టించాలని 2013లో పిలిచిన టెండర్లను 2020లో ఉపసంహరించుకున్నారు. 2025 అక్టోబరులో రక్షణ కొనుగోళ్ల మండలి మళ్లీ పచ్చజెండా ఊపింది. అయితే అది అవసరాన్ని ఒప్పుకోవడం మాత్రమే, ఆర్డరు కాదు. టెండరు, బేరం, ఒప్పందం, ఆపైన ఏళ్ల తరబడి నిర్మాణం మిగిలే ఉన్నాయి.

గల్ఫ్‌లో మీవాళ్లుంటే ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. 2020లో ఓడ ఎక్కేవారి జాబితా తయారైంది అక్కడి భారత రాయబార కార్యాలయాల్లో నమోదైన పేర్ల నుంచే.