బుగ్గన చుక్క సరే... నోట్లో చుక్కలో?

పసివాడు పాలు కక్కినా, రాత్రంతా గుక్కపట్టి ఏడ్చినా మన ఇళ్ళల్లో ముందు వినిపించే మాట 'దిష్టి తగిలిందేమో చూడవే' అని. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేయడం, బుగ్గన చుక్క పెట్టడం, అప్పటికీ తగ్గకపోతే తాయెత్తు కట్టించడం. ఏలూరు, తాడేపల్లిగూడెంలలో అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళకైనా, కొల్లేటి లంకల్లో చేపల చెరువుల గట్టున ఉండేవాళ్ళకైనా ఈ వరస ఒకటే. కొల్లేటికోట పెద్దింట్లమ్మకి మొక్కుకున్న తల్లే దర్గాకి వెళ్ళి తావీజూ కట్టించుకొస్తుంది. బిడ్డ దగ్గరికొచ్చేసరికి ఆమెకి మతం అడ్డురాదు.

ఇది నిన్నా మొన్నా పుట్టిన అలవాటు కాదు. రక్ష కోసం కట్టుకునే మణుల గురించి అథర్వణ వేదంలోనే మంత్రాలున్నాయి. తావీజ్ అరబ్బీ మాట, శరణు కోరడమని అర్థం. టర్కీ తల్లులు పిల్లల బట్టలకి కన్ను బొమ్మ ఉన్న నీలిపూస గుచ్చుతారు. దేశమేదైనా తల్లి భయం ఒక్కటే.

ఆ భయం ఎంతటిదో తెలియాలంటే మన ముత్తాతల, ముత్తవ్వల పేర్లు గుర్తుచేసుకోండి. పెంటయ్య, పుల్లయ్య, కుప్పమ్మ, పిచ్చమ్మ. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, దక్కిన ఒక్కరి మీదా చెడుకన్ను పడకుండా ఎవరూ అసూయపడని పేరు పెట్టుకున్నారు. మస్తానయ్య, సైదులు లాంటివి దర్గా మొక్కుల పేర్లు. ఆ పేర్లే తాయెత్తులు! టీకాలూ ఆసుపత్రులూ లేని రోజుల్లో ఆ తల్లి చేతిలో ఉన్నది అంతే. అందుకే తాయెత్తుని చూసి నవ్వబుద్ధి కాదు.

కానీ, ఆమెకి లేనివి మనకున్నాయి కదా! మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. పోలియోని తరిమింది బుగ్గన పెట్టిన చుక్క కాదు, నోట్లో వేసిన చుక్కలు.

ఎండిన బొడ్డుతాడుని తాయెత్తులో దాచే అలవాటు మనలో చాలామందికుంది. ముచ్చటే! అయితే అందులో మూలకణాలుంటాయనీ, పెద్దయ్యాక మందుగా పనికొస్తాయనీ ఫోనుల్లో తిరిగే మాట నమ్మకండి. ఎండిపోయిన బొడ్డులో బతికున్న కణం ఉండదు. తాయెత్తు లోహం ఏమిటో కూడా చూసుకోండి. 2009లో న్యూయార్క్‌లో ఏడాది బిడ్డ రక్తంలో సీసం ఎక్కువగా ఉంటే, కారణం కంబోడియా నుంచి తెచ్చి కట్టిన తాయెత్తని తేలింది. పిల్లలు చేతికందింది నోట్లో పెట్టుకోకుండా ఉంటారా? కొన్ని రకాల సుర్మాలోనూ సీసం ఉంటుంది. పులిగోరు సంగతి సరేసరి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.

సీసం అనగానే 2020 డిసెంబరు గుర్తురాక మానదు. ఏలూరులో ఉన్నట్టుండి జనం మూర్ఛలొచ్చి పడిపోయారు. ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో కనిపించింది. ఇలాంటిది ఏ తాయెత్తు ఆపుతుంది? తాగే నీరూ తినే తిండీ పరీక్షించమని మనం నోరు తెరిచి అడగడమే రక్ష.

పాముకాటు సంగతీ అంతే. చేపల చెరువుల మీదా, వరిచేలల్లోనూ బతికే ఊళ్ళకి ఆ భయం రోజూ ఉండేదే. మన దేశంలో ఏటా దాదాపు 58,000 మంది పాముకాటుతో చనిపోతున్నారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా. మంత్రం వేయించి, తాడు కట్టించి, అప్పుడు ఆసుపత్రికి వెళితే పోయేది సమయం మాత్రమే కాదు, ప్రాణం. ముందు 108కి ఫోన్ చేయండి. విషానికి విరుగుడు ఆసుపత్రిలో ఇచ్చే సూదిమందే.

అత్తగారు కట్టిన మొలతాడు తెంపెయ్యమని ఎవరూ అనరు. అందులో ఆమె ప్రేముంది. ఆ ముడి వేసిన చేత్తోనే బిడ్డ టీకా కార్డు తీసి, తర్వాతి తేదీ ఎప్పుడో చూడమనండి. మనవడి మీద ప్రేమున్న ఏ నాయనమ్మా కాదనదు.